ఒక్క ముక్కే కదా అనే మామ్మకి ఒక డబ్బా

మధ్యాహ్నం భోజనాల వేళ. మామ్మ పీట మీద, ఆవిడ మోకాలికి ఆనుకుని కుక్క. కోడికూర కలిపిన ముద్ద ఒకటి నోట్లోకి, ఇంకొకటి కిందికి. కోడలు వద్దంటే వచ్చే జవాబు శ్రీకాకుళంలో అయినా విజయనగరంలో అయినా ఒకటే: "ఒక్క ముక్కకి ఏటైపోతాది? నోరులేని జీవం అలా సూస్తుంటే నాకు ముద్దెలా దిగుతాది?"

ఆ మాట వెనక రెండున్నాయి. కుక్క చూస్తుండగా తింటే దిష్టి తగిలి కడుపునొప్పి వస్తుందన్న నమ్మకం ఒకటి. నోరులేనిదానికి పెడితే పుణ్యమన్నది రెండోది. ఈ రెండింటి మీదా వాదించి గెలిచినవాళ్లు లేరు. ఎదురుగా వద్దంటే దొంగచాటుగా పెడతారు, అప్పుడు ఏం తిన్నదో మనకు తెలియకుండా పోతుంది. అది ఇంకా చేటు. పెట్టే చెయ్యి ఎలాగూ ఆగదు కాబట్టి ఆ చేతిలో ఏముందో దాన్ని మార్చుకోవాలి.

వాదన ఎందుకు చెల్లదంటే, మన కంచంలో కుక్కకి విషమయ్యేవి కొన్నున్నాయి, వాటిలో చాలావాటికి తొందర లేదు. ఆదివారం తిన్న ఉల్లిపాయ గురువారం దెబ్బ కొడుతుంది. ఈలోగా సోమవారం కుక్క తోకాడించుకుంటూ తిరుగుతుంటే "సూసావా, ఏటీ అవలేదు" అని మామ్మ గెలిచేస్తుంది. గురువారం అది నీరసంగా పడుకుంటే ఎండదెబ్బ అంటారు, దిష్టి అంటారు, వీధిలో ఏదో గతికిందంటారు. ఆదివారం కూర ఎవరికీ గుర్తుండదు.

ఉల్లి సంగతి కాస్త వివరంగా చెప్పాలి, మన వంటింట్లో అది లేని కూర తక్కువ. ఉల్లి, వెల్లుల్లిలో ఘాటుకి కారణమైన గంధకపు పదార్థాలే కుక్క రక్తంలోని ఎర్రకణాలను పాడుచేస్తాయి. పాడైన కణాలు ఒకేసారి పోవు, రోజుల తరబడి పగిలిపోతూ ఉంటాయి. అందుకే రక్తం తగ్గిన లక్షణాలు బయటపడడానికి 3 నుంచి 5 రోజులు పడుతుంది. ఉడికించినా, ఎర్రగా వేయించినా, ఎండబెట్టి పొడి కొట్టినా ఆ గుణం పోదు. పొడిలో అయితే ఇంకా చిక్కబడుతుంది. వెల్లుల్లి ఉల్లికంటే కొన్ని రెట్లు బలమైనది.

ఎంత తింటే? ఒకేసారి తిన్న ఉల్లి కుక్క బరువులో అర శాతం దాటితే ప్రమాదమని పశువైద్యులు లెక్క కడతారు. 10 కిలోల కుక్కకి 50 గ్రాములు, 5 కిలోల పొమేరియన్‌కి 25. కిలో కోడికూరకి పావుకిలో ఉల్లి వేస్తాం కదా. కూర పది గరిటెలైతే గరిటెకి 25 గ్రాముల ఉల్లి. అంటే చిన్న కుక్కకి ఒక గరిటె గుజ్జు కలిపిన అన్నంతో హద్దు దగ్గరికి వచ్చేసినట్టే. ముక్క కడిగి పెడితే ఫరవాలేదనుకుంటారు. కొంత తగ్గుతుంది, అంతే. ఉల్లి రసం ముక్కలోకి ఇంకిపోయే ఉంటుంది, రోజూ కొంచెం కొంచెంగా వెళ్లినా అదే పని చేస్తుంది.

కూర మాత్రమే అనుకోవద్దు. పొద్దున్నే చద్దన్నంలో నంజుకునే ఉల్లిపాయ, చోడంబలి (రాగి అంబలి) తాగుతూ కొరికే ఉల్లిపాయ కూడా ఇందులోకే వస్తాయి. తాతగారు అరుగు మీద కూర్చుని అంబలి తాగి, గిన్నె అడుగున మిగిలినదాన్ని ఉల్లి ముక్కలతో సహా కుక్క ముందు పోసేస్తారు. ఉప్పు, మజ్జిగమిరప, ఉల్లి లేని ఉత్త చోడంబలి నాలుగు చెంచాలు పోస్తే ఏ ఇబ్బందీ లేదు. తాతగారికి ఆ ఒక్క తేడా చెబితే చాలు: మీరు ఉప్పేసుకునే ముందు దాని వాటా తీసేయండి.

రక్తం తగ్గిందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. కుక్క పక్కన కూర్చుని, పైపెదవిని బొటనవేలితో మెల్లగా పైకెత్తండి. కోరపన్ను పైన చిగురు లేత గులాబీ రంగులో, తడిగా ఉండాలి. (కొన్ని కుక్కలకి చిగురు పుట్టుకతోనే నల్లగా ఉంటుంది, అప్పుడు కింది కనురెప్ప లోపలివైపు చూడాలి, మేకల్ని మేపేవాళ్లు చూసినట్టే.) వేలితో చిగురు నొక్కి వదిలితే నొక్కినచోట తెల్లబడి, రెండు సెకన్ల లోపు మళ్లీ రంగు రావాలి. చిగురు సున్నంలా పాలిపోయినా, మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారినా ఇంట్లో చేసే వైద్యం లేదు, అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఈ పరీక్ష మామ్మ చేతే చేయించండి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు వారానికోసారి చూసి అసలు రంగు ఎరిగిన మనిషికి, మారిన రోజు మనం చెప్పక్కర్లేదు.

తర్వాత పులుపు. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల కిడ్నీలను పాడుచేస్తాయని చాలాకాలంగా తెలుసు, ఎందుకన్నదే అంతుపట్టలేదు. ఇప్పుడు అనుమానం టార్టారిక్ ఆమ్లం మీద ఉంది, చింతపండు పులుపుకి మూలం అదే. చింతపండు తిన్న కుక్కలకి కిడ్నీలు దెబ్బతిన్న కేసులు 2022లో పశువైద్య పత్రికలోకి ఎక్కాయి. కాబట్టి చారన్నం, పులుసన్నం, పులిహోర కుక్క గిన్నెలోకి వెళ్లకపోవడం మేలు. ద్రాక్షకి ఇంత తినొచ్చనే నమ్మదగిన లెక్క లేదు. ఒక కుక్క గుప్పెడు తిని తట్టుకుంటుంది, ఇంకొకటి నాలుగు గింజలకే పడిపోతుంది. మొదటి రోజు వాంతులు, ఒకటి నుంచి మూడు రోజుల్లో మూత్రం తగ్గిపోవడం దాని వరస. సేమ్యా పాయసంలో, లడ్డూలో కిస్‌మిస్ ఉంటుందని మరిచిపోతాం. ప్రసాదం లడ్డూ కుక్కకి కాస్త పెట్టొద్దంటే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. కొబ్బరికాయ కొట్టారుగా, అందులోంచి గోరంత ముక్క, లేదా అరటిపండు ముక్క దాని ప్రసాదంగా పెట్టించండి. అదీ దేవుడి దగ్గరదే.

చాక్లెట్‌కి లెక్క సూటిగా ఉంటుంది. అందులోని థియోబ్రోమిన్‌ను కుక్క శరీరం మనంత వేగంగా వదిలించుకోలేదు. కిలో బరువుకి 20 మిల్లీగ్రాములు దాటితే వాంతులు, కంగారు. 40 దాటితే గుండె దడ, 60 దాటితే ఫిట్స్. పాల చాక్లెట్‌లో గ్రాముకి సుమారు 2 మిల్లీగ్రాములు, డార్క్ చాక్లెట్‌లో 5 నుంచి 8, కోకో పొడిలో ఇంకా ఎక్కువ. 50 గ్రాముల పాల చాక్లెట్ 5 కిలోల కుక్కని మొదటి గీత దగ్గరికి తెస్తుంది. అదే డార్క్ అయితే గుండె దాకా వెళ్లిపోతుంది. 30 కిలోల ల్యాబ్రడార్ ఆ పాల చాక్లెట్ తింటే మహా అయితే విరేచనాలు. అందుకే "పక్కింటి కుక్క తింది, ఏమీ కాలేదు" అన్నది సాక్ష్యంగా పనికిరాదు, ఆ పక్కింటి కుక్క బరువెంతో ముందు చూడాలి. షుగర్ ఉన్నవాళ్ల కోసం తెచ్చే చక్కెర లేని మిఠాయిలు, చూయింగ్ గమ్ చాక్లెట్‌కంటే చెడ్డవి. వాటిలో వాడే జైలిటాల్ అరగంటలోనే కుక్క రక్తంలో చక్కెరను పడగొట్టేయగలదు, తర్వాత కాలేయాన్ని పట్టుకుంటుంది. డబ్బా మీద ఆ పేరుంటే కుక్కకి అందని అలమారలో పెట్టాలి.

ఎముకల మీద మామ్మతో గొడవ ఎక్కువ. "కుక్కకి ఎముక కాకపోతే ఏటి పెడతావు?" అన్నది న్యాయమైన ప్రశ్నే. ఉడికిన ఎముక పెళుసుబారి, కొరికితే పుల్లల్లా చీలుతుంది. ఆ చీలిక గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. మెత్తగా నమిలేసినా కడుపులో సిమెంటులా గట్టిపడి, మలం రాక మూలుగుతూ తిరుగుతుంది. మేక నల్లీ బొక్క గట్టిగా ఉంటుంది కాబట్టి చీలదు, పన్నే చీలుతుంది. బొటనవేలి గోరుతో నొక్కితే గుంట పడనిది ఏదైనా కుక్క పంటికి ఎక్కువే. చేపముల్లు, మామిడి టెంక, గింజలు ఒలిచేసిన మొక్కజొన్న కండె కూడా ఇందులో కలపండి. కండెని కుక్కలు ఇష్టంగా మింగేస్తాయి, అది పేగులో బిరడాలా బిగుసుకుంటే ఆపరేషనే దారి.

ఉప్పుచేప గురించి రెండు మాటలు. సముద్రం పక్క ఊళ్లలో ఎండుచేప తలలు కుక్కకి విసిరేయడం మామూలే. ఉప్పు పట్టించి ఎండబెట్టిన చేపలో బరువుకి ఆరో వంతు దాకా ఉప్పుండొచ్చు. కిలో బరువుకి రెండు మూడు గ్రాముల ఉప్పు విష మోతాదు. చిన్న కుక్కకి నూరు గ్రాముల ఉప్పుచేప ఆ లెక్కకి సరిపోతుంది, అందులోనూ ఎండాకాలం గిన్నెలో నీళ్లు లేకపోతే మరీ. ఆవకాయలో ఉప్పు, వెల్లుల్లి, కారం, నూనె నాలుగూ ఉన్నాయి, విడిగా చెప్పే పని లేదు. పలాస జీడిపప్పు వేయించినది ఒకటి రెండు పలుకులు ఫరవాలేదు గానీ, తోటలో రాలిన పిక్క దొరక్కుండా చూడాలి, పెంకులోని జీడి మన చర్మాన్నే బొబ్బలెక్కిస్తుంది.

"మరి వీధికుక్కలు అన్నీ తిని బతకట్లేదా?" ఇది తప్పకుండా వస్తుంది. వీధికుక్క పదిహేను ఇరవై కిలోలుంటుంది, పది గుమ్మాల దగ్గర పది రకాలు తింటుంది, రోజంతా తిరుగుతుంది. మన ఇంట్లోది ఒకే గుమ్మం దగ్గర అదే కూర రోజూ తిని పడుకుంటుంది. పైగా చచ్చిపోయిన వీధికుక్క ఎందుకు పోయిందో కోసి చూసినవాళ్లెవరు? బతికినవాటినే చూసి లెక్క వేస్తున్నాం.

ఇక డబ్బా. మూతున్న చిన్న స్టీలు డబ్బా ఒకటి, భోజనాల చోట మామ్మ చేతికి అందేటట్టు పెట్టండి. రోజూ పొద్దున్న ఒకళ్లే నింపాలి. ఇంట్లో ఎవరు ఏం పెట్టినా అందులోంచే. అయిపోతే ఆ రోజుకి అయిపోయినట్టు, మళ్లీ నింపకూడదు.

అందులో ఎంత వేయాలి? కుక్క రోజుకి తినే కేలరీల్లో పదో వంతు మించకుండా. 10 కిలోల ఎదిగిన కుక్కకి రోజుకి సుమారు 600 కేలరీలు చాలు, అంటే డబ్బాకి 60. ఉప్పు లేకుండా ఉడికించిన ఎముకల్లేని కోడిమాంసం 20 గ్రాములు, ఉడికించిన క్యారెట్ 50 గ్రాములు, ఉప్పు కలపని మురీలు (మరమరాలు) ఒక పిడికెడు, ఇవి మూడూ కలిసి ఆ 60. పొమేరియన్‌కి 35 నుంచి 40 కేలరీలు, 30 కిలోల ల్యాబ్రడార్‌కి 140 దాకా. పోలికకి చెప్పాలంటే, మాదిరి సైజు అరిసె ఒకదానిలో 150 పైనే ఉంటాయి, పొమేరియన్‌కి నాలుగు రోజుల డబ్బా ఒక్క అరిసెలో అయిపోయింది.

కోయడంలోనే కిటుకు ఉంది. కుక్క ముక్క సైజు చూడదు, ఎన్నిసార్లు పెట్టారో చూస్తుంది. ఆ 20 గ్రాముల మాంసాన్ని నానబెట్టిన శనగ గింజంత ముక్కలు చేస్తే పాతిక వస్తాయి. మామ్మ పాతికసార్లు పెట్టుకోవచ్చు. రెండు పెద్ద ముక్కలు వేస్తే రెండు నిమిషాల్లో డబ్బా ఖాళీ, చెయ్యి మళ్లీ కంచంలోకి వెళ్తుంది. ఈ పద్ధతి పాడయ్యేది సాధారణంగా ఇక్కడే. ఎండాకాలం ఉడికిన మాంసం గంటకు మించి బయట ఉంచకండి, ఫ్రిజ్‌లో పెట్టి భోజనం వేళకి తీయండి. కరెంటు పోయే రోజుల్లో మాంసం మానేసి క్యారెట్, చిలగడదుంప, కోడిగుడ్డు ముక్కలతో సరిపెట్టొచ్చు. పెరుగన్నం ఇష్టపడే కుక్కకి ఉప్పు, పోపు లేకుండా రెండు చెంచాలు. పాలు మాత్రం ఎదిగిన కుక్కల్లో చాలావాటికి అరగవు, విరేచనాలవుతాయి.

వంట చేసేది మామ్మే అయితే ఇంకా సులువు. కోడిమాంసం కడిగాక, పసుపూ ఉప్పూ పడకముందే నాలుగు మెత్తటి ముక్కలు చిన్న గిన్నెలో వేసి నీళ్లతో ఉడికించడం ఆవిడ పని చేయండి. "దాని వాటా తీసావా మామ్మా?" అని రోజూ అడగండి. మాట వినని మనిషినే కాపలా పెట్టడమన్నమాట. రెండు వారాలు పోతే, మనవడు కూర ముక్క విసరబోతే చెయ్యి పట్టుకునేది ఆవిడే.

కుక్క వైపు నుంచి కూడా కొంత పని ఉంది. ఇంట్లోవాళ్లు తినడానికి అరగంట ముందే దాని భోజనం పెట్టేయాలి, కడుపు నిండితే ఆ చూపులో పదును తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం అనుకోవద్దు. ల్యాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతు వాటికి కడుపు నిండిందని చెప్పే జన్యువులో లోపం ఉందని 2016లో తేలింది, ఆ కుక్కలకి ఆకలి నిజంగానే తీరదు. మామ్మ జాలి పడేది ఆ లోపాన్ని చూసి. భోజనాల చోటుకి నాలుగడుగుల దూరంలో చాప వేసి, కుక్క దాని మీద ఉన్నప్పుడే డబ్బా తెరవాలి. కంచం దగ్గరికి వస్తే మూత పడాలి. మొదటి నాలుగైదు రోజులు అరుపులు, మూలుగులు, మోకాలి మీద పంజా వేయడం ఎక్కువవుతాయి, ఇన్నాళ్లూ ఫలించినవే కాబట్టి గట్టిగా ప్రయత్నిస్తుంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి. ఆరో రోజున జాలిపడి ఒక ముక్క విసిరితే, ఆరు రోజులు అరిస్తే దొరుకుతుందని దానికి నేర్పినట్టే.

మన మాట వినని పెద్దవాళ్లు చీటీ మీద మాట వింటారు. టీకాకి వెళ్లినప్పుడు డాక్టరు గారిని అడిగి "ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్, ఎముకలు, పులుసు పెట్టరాదు" అని తెలుగులో రాయించుకుని ఫ్రిజ్ తలుపుకి అంటించండి. పక్కనే నెలనెలా బరువు రాయండి. ఇంట్లో బరువు చూసే మిషన్ మీద కుక్కని ఎత్తుకుని నిలబడి, మీ బరువు తీసేస్తే చాలు. 5 కిలోల కుక్క అర కిలో పెరగడమంటే 60 కిలోల మనిషి ఆరు కిలోలు పెరిగినట్టని మామ్మకి చెప్పి చూడండి, విషమని చెప్పినప్పటికంటే బాగా ఎక్కుతుంది.

పిల్లల దగ్గర అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఒకటుంది, అది పెద్దవాళ్లకీ వర్తిస్తుంది. ఏం పెట్టారో చెబితే తిట్టకూడదు. ఎందుకంటే తిన్న రెండు గంటల లోపు అయితే డాక్టరు మందిచ్చి కక్కించగలడు, ఆ తర్వాత చాలావరకు పేగుల్లోకి దిగిపోతుంది. భయపడి సాయంత్రం దాకా దాచిన గుంటడి వల్ల ఆ రెండు గంటలూ పోతాయి. పెట్టినది మామ్మే అయినా, కోడలి నోటికి జడిసి చెప్పకపోవచ్చు.

చెప్పగానే నాలుగు విషయాలు కాగితం మీద రాయండి: ఏం తింది, ఎంత, ఎన్నింటికి, కుక్క బరువు. రేపరు ఉంటే జేబులో వేసుకోండి. పశువైద్యానికి 1962 టోల్‌ఫ్రీ నంబరు ఉంది, కుక్క సంగతని మొదటి మాటలోనే చెప్పండి. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. మీకు దగ్గర్లో కుక్కల్ని చూసే డాక్టరు నంబరు ఫ్రిజ్ చీటీ మీద ముందే ఉండాలి, రాత్రిపూట ఎత్తుతారా లేదా కూడా అడిగి రాసుకోండి. దారిలో ఉప్పునీళ్లు పట్టించొద్దు. కక్కించడానికి పోసిన ఉప్పే ప్రాణం తీయగలదు. ఎముక మింగిన కుక్కని, మత్తుగా ఉన్నదాన్ని కక్కించే ప్రయత్నమే వద్దు. పాలు, ఆముదం, పసరు, మన పారాసెటమాల్ ఏవీ పనికిరావు.

పండగలప్పుడు ఇదంతా తలకిందులవుతుంది, ముఖ్యంగా విజయనగరంలో. విజయదశమి తర్వాత మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం, ముందురోజు తోలేళ్ల ఉత్సవం. ఇంటినిండా చుట్టాలు, ప్రతి చేతిలో మాంసం ముక్క. కొవ్వు పట్టిన కూర ఒక్కసారిగా ఎక్కువ తింటే కుక్కకి క్లోమం వాచి, వాంతులతో ముందుకాళ్లు చాపి వెనకభాగం పైకెత్తి సాష్టాంగం పెడుతున్నట్టు కూర్చుంటుంది. అది కడుపునొప్పి భంగిమ. చుట్టాలకి డబ్బా కథ చెప్పే తీరిక ఉండదు. కుక్క మెడలో "నా కడుపు బాగోలేదు, ఏమీ పెట్టకండి" అని అట్టముక్క కట్టేయండి, మన ఇళ్లలో రోగిష్టిదాని మాట వింటారు. బంతులు లేచే గంటా రెండు గంటలు వెనక గదిలో నీళ్ల గిన్నెతో ఉంచి, మామ్మనే తలుపు దగ్గర కూర్చోబెట్టండి. ఎంగిలి విస్తళ్లు గుమ్మం పక్కన కుప్ప పోయకుండా మూతున్న డ్రమ్ములో వేయించి, మూత మీద ఇటుక పెట్టించండి. కుక్కని వదిలేముందు పెరడంతా ఒకసారి తిరిగి ఎముకలు ఏరాలి.